మెల్లగా మూసుకున్న తలుపు

మార్చి పద్నాలుగు, సోమవారం. ఆ మధ్యాహ్నం ఆమె తిన్నది ఒక అరటిపండు, అంచులు మాడిన రెండు బ్రెడ్ ముక్కలు. ఆ మాడు రుచి ఆమెకి ఇప్పటికీ గుర్తే. ఎందుకంటే రెండో ముక్క నోట్లో ఉండగానే ఆమె గది తలుపు ధడాల్న తెరుచుకుంది.

"'తలుపు మెల్లగా మూసుకుంది' అని రాసిన మహానుభావులు ఎవరండీ?"

ఆమె చెయ్యెత్తింది. నోరు ఖాళీగా లేదు మరి.

వచ్చినతన్ని కారిడార్లో చాలాసార్లు చూసింది. సినిమాలకి అడుగుల చప్పుడు, గాజు పగిలే చప్పుడు, వాన చప్పుడు చేసిపెట్టే మనిషి. ఆఫీసంతా 'చప్పుళ్ళబ్బాయి' అంటుంది. చెవులు వినపడనివాళ్ళ కోసం ఆ చప్పుళ్ళన్నిటినీ తెర అడుగున అక్షరాల్లో రాయడం ఆమె పని.

"అది మెల్లగా మూసుకోలేదండీ. అరిచింది! ఆ అరుపు కోసం వారం పాటు కనిపించిన ప్రతి తుప్పు గేటూ ఊపి చూశాను. ఒకాయన దొంగననుకుని నామీదికి కుక్కని కూడా వదిలాడు. మీరేమో 'మెల్లగా' అని రాసేసి హాయిగా బ్రెడ్ తింటున్నారు."

"అరిచిందా?" ముక్క మింగి అంది ఆమె. "నాకలా అనిపించలేదే."

"అనిపించడమేంటండీ, వినిపించాలి గానీ!"

ఆమె హెడ్‌ఫోన్స్ సర్దుకుంది. అతని చూపు దాని తీగ వెంట కిందికి జారింది. తీగ చివర దేనికీ తగిలించి లేదు. కుర్చీ కాలి పక్కన సుఖంగా పడుకుని ఉంది.

"ఆగండాగండి. దయ్యాల సినిమాకి చప్పుళ్ళు రాసే మనిషి, చప్పుడు కట్టేసి చూస్తోందా?"

"ముందు ఆ తలుపు వేయండి. మెల్లగా!"

అతను వేశాడు. నవ్వు ఆపుకోవడానికి అతను పడుతున్న పాట్లు చూసి ఆమెకి ఒళ్ళు మండింది.

"భయమండీ, ఏం చెయ్యమంటారు? దయ్యాలది నాకివ్వడం ఇదే మొదటిసారి. మొదటి సీను విని రాత్రంతా లైటేసుకుని కూర్చున్నాను. ఆ తర్వాత బొమ్మ చూసి ఊహించి రాసేశాను. దయచేసి మేనేజరు గారికి చెప్పకండి. ఇంకొక్క ఫిర్యాదు వస్తే నా కుర్చీ వేరేవాళ్ళకి ఇచ్చేస్తానన్నారు. శుక్రవారం ఈ సినిమా విడుదలకి వెళ్ళిపోతుంది."

"అంత భయపడుతూ ఈ ఉద్యోగం దేనికి?"

"చెవులు పోయాక మా నాన్న సినిమాలు చూడటం మానేశారు. నా రాతలు చదువుకుంటూ మళ్ళీ చూస్తున్నారు. అందుకు."

చప్పుళ్ళబ్బాయి వంగి, కింద పడున్న తీగని తీసి తగిలించాడు.

"సరే. శుక్రవారంలోపు అన్నీ సరిచేద్దాం. కానీ చప్పుడు పెట్టుకునే చూడాలి. నేను పక్కనుంటాను."

అతని గదిలో అడుగుపెడితే కూరగాయల కొట్టో, పాత సామాన్ల గోదామో తెలియదు. క్యాబేజీలు, క్యారెట్లు, జత తప్పిన చెప్పులు, ఇసుక పోసిన ట్రే, చక్రం విరిగిన సూట్‌కేసు. తెర మీద దయ్యం ఎవడిదో మెడ విరిచింది. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది.

"చూడండి," అంటూ అతను తడి తువ్వాల్లో చుట్టిన క్యారెట్ని ఫటుక్కున విరిచాడు. "అదీ మెడ."

"మరి ఆ ఊపిరి?"

అతను సగం నింపిన వేడినీళ్ళ సంచీని మైకు ముందు నొక్కాడు. దయ్యం ఆయాసపడింది. ఆమె ఫక్కున నవ్వింది.

"మా నాన్న నడుంనొప్పికి పెట్టుకునేది ఇదే! ఇన్నాళ్ళూ మా ఇంట్లో దయ్యాన్ని పెంచుకుంటున్నామన్నమాట."

మర్నాటి నుంచి ఆమె దయ్యాల కోసం కాకుండా క్యారెట్ల కోసం వినడం మొదలుపెట్టింది. మెడ విరిచిన క్యారెట్లని పని అయ్యాక ఇద్దరూ కొరుక్కు తినేవాళ్ళు.

బుధవారం సాయంత్రం కిటికీ బయట జల్లు అందుకుంది.

"ఇది దేంతో చేశారు? బియ్యమా, ఆవాలా?"

"ఇది పైవాడి పని. ఎప్పటికప్పుడు ఫ్రెష్‌గా చేస్తాడు, పైసా తీసుకోడు."

కిటికీ అద్దం మీద చినుకులు ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి. అతను వాననే చూస్తున్నట్టు నటించాడు. ఆమె అతని నటనని చూసింది.

"మన ఆఫీసులో ఎవర్నడిగినా తమ సినిమానే అన్నిటికంటే భయంకరమంటారు," అన్నాడు అతను. "మేనేజరు గారికి బొమ్మ కళ్ళార్పే సినిమా. అకౌంటెంటు గారికి లిఫ్టులో చిక్కుకునే సినిమా. అది చూసినప్పట్నుంచీ మెట్లెక్కి మెట్లెక్కి ఆయన సన్నబడ్డాడు. మీకు?"

"అన్నీ. మీకు?"

"దయ్యం లేని ఇల్లు," అన్నాడు నవ్వుతూనే. "నేనొక్కణ్ణే ఉంటాను కదా. ఇంటికెళ్ళగానే ముందు కుళాయి తిప్పుతాను. ఏదో ఒక చప్పుడుండాలి."

ఆమె క్యారెట్ నమలడం ఆపేసింది. ఆ సాయంత్రం కావాలనే ఆలస్యంగా బయల్దేరింది. వానని వంక పెట్టుకుంది. వాన ఎప్పుడో వెలిసింది.

గురువారానికి అన్నీ అయ్యాయి, ఆ తలుపు తప్ప. 'కీచుమంది' అంటే చాలదన్నాడు. 'మూలిగింది' అంటే తలుపుకి జబ్బు చేసినట్టుందన్నాడు.

"ఎప్పుడూ నా రాతలు మొదట చూసేది మా నాన్నే. ఆయన తేలుస్తారు, రండి," అంది ఆమె విసుగ్గా.

ఆమె ఇంటి దగ్గర తలుపు తీసినాయన నెరిసిన జుట్టుతో, నవ్వు ముఖంతో ఉన్నాడు. "రా బాబూ. కూరగాయల మెడలు విరిచేది నువ్వేనా?" అంటూ వాళ్ళ వెనక తలుపుని ఢామ్మని వేశాడు. చప్పుళ్ళబ్బాయి ఎగిరిపడ్డాడు.

"ఆయనకి వినపడదుగా, ప్రతి తలుపూ అంతే," ఆమె గుసగుసగా చెప్పింది. "రాత్రి ఆయన గది తలుపు పడితే గానీ పక్కింటివాళ్ళు పడుకోరు."

సినిమా మొదలైంది. మెడ విరిగింది. పెద్దాయన 'ఊఁ' అన్నాడు. దయ్యం ఆయాసపడింది. "పాపం, దీనికీ నడుంనొప్పే," అన్నాడు. చివరికి ఆ తలుపు వచ్చింది. కింద ఇంకా మార్చని పాత అక్షరాలు: తలుపు మెల్లగా మూసుకుంది.

పెద్దాయన చప్పుళ్ళబ్బాయి చెయ్యి పట్టేసుకున్నాడు.

"అమ్మో. ఇదీ భయమంటే!"

"తప్పు రాశాను నాన్నా. నిజానికి అది అరుస్తుందట," ఆమె ఆయన వైపు తిరిగి నిదానంగా చెప్పింది.

"అరిస్తే ఏముందే? వచ్చిందని తెలిసిపోతుంది, పారిపోతాం. మెల్లగా వేసిందంటే మనం లేవకూడదని జాగ్రత్త పడుతోందన్నమాట." ఆయన తన గది తలుపు వైపు చూశాడు. "మీ అమ్మ అలా వేసేది, నేను పడుకున్నాక. తలుపు మెల్లగా వేసేది మనమంటే ప్రాణమున్నవాళ్ళన్నా అయ్యుండాలి, దయ్యమన్నా అయ్యుండాలి."

ఆమె చప్పుళ్ళబ్బాయి వైపు చూసింది. వారం రోజుల గేట్లు, కుక్క, ఆ అరుపు అన్నీ అతని ముఖంలో ఒకసారి మెరిసి వెళ్ళిపోయాయి.

"మీ రాత మార్చొద్దు," అన్నాడు. "పొద్దున్నే వెళ్ళి నా తలుపు మార్చేస్తాను."

"అంత కష్టపడి చేసింది!"

"కుక్కకి క్షమాపణ చెప్పుకుంటాలెండి."

ఆమె నవ్వబోయి, ఎందుకో నవ్వలేకపోయింది. "నా కోసం ఎందుకు ఇదంతా?"

పెద్దాయనకి వినపడదన్న ధైర్యంతో అతను గొంతు తగ్గించాడు. "నా ఇంట్లో కుళాయి కట్టేసి నిన్ను తెచ్చుకోవాలనుంది. కానీ మీ నాన్నగారిని అడగడమంటే... ఇంతకంటే భయంకరమైన సినిమా నేనింతవరకూ చూడలేదు."

"భయం దేనికి బాబూ?" అన్నాడు పెద్దాయన. "అడిగేశావుగా."

ఇద్దరూ కొయ్యబారిపోయారు.

"నాకు పోయినవి చెవులే. నీ పెదాలు చక్కగా కనబడుతున్నాయి. 'తెచ్చుకోవాలనుంది' దగ్గర కాస్త తడబడ్డావు." ఆయన కూతురి వైపు తిరిగాడు. "ఏమ్మా, దీనికి కింద ఏం రాస్తావు?"

ఆమె బుగ్గలు కందిపోయాయి. "వానని వంక పెట్టుకుని ఉండిపోయిన రోజే రాసేశాను నాన్నా," అంది, ఆయనకి స్పష్టంగా కనబడేలా.

పెద్దాయన తృప్తిగా తలూపి లేచాడు. "నాకు నిద్రొస్తోంది. మీరు మాట్లాడుకోండి."

"చెవులు మూసుకో," ఆమె అతన్ని కంగారుగా హెచ్చరించింది. ఇద్దరూ చెవులకి చేతులడ్డం పెట్టుకుని, కళ్ళు చికిలించి, ఢామ్మనే క్షణం కోసం కాచుకుని కూర్చున్నారు.

పెద్దాయన గది గుమ్మంలో ఒకసారి ఆగాడు. ఒక అరచెయ్యి తలుపు చెక్కకి ఆనించాడు, రెండో చేత్తో గడియ పట్టుకున్నాడు. చెక్క అదురుతుందేమోనని అరచేత్తో కనిపెట్టుకుంటూ, కొంచెం కొంచెంగా దగ్గరికి లాగి, తలుపు మెల్లగా మూసుకున్నాడు.