తమ్ముడి బండి

ఖమ్మం బైపాస్ పక్కన పాత కార్లు అమ్మే యార్డులో ఆ తెల్ల బండిని చూడగానే జ్యోత్స్న గుర్తుపట్టింది. నంబరు చూడాల్సిన పనే లేకపోయింది. వెనక బంపర్ కింద లావుపాటి సైలెన్సర్ గొట్టం, నేలకు ఆనుతుందా అన్నట్టు దించిన ఒళ్లు, నల్లరంగు కొట్టించిన బానెట్. అన్నీ తమ్ముడు కోటేష్ ముచ్చటపడి చేయించుకున్నవే.

"ఆటోమేటిక్ మేడం. స్పీడు కోసం ఇంజన్ రిమాప్ చేసిన్రు, టర్బో పెద్దది పెట్టిన్రు. కాలు పెడితే చాలు, దుంకుతది," అన్నాడు యార్డు నడిపే రామకృష్ణ. తర్వాత గొంతు తగ్గించాడు. "దాచిపెట్టి అమ్మలేను, ఒక్క మాట చెప్త. కొన్నోళ్లు ఎవ్వలూ ఉంచుకుంటలేరు. అడవి దారిల పోతుంటే డోర్లు తెరుచుకుంటలేవంటరు. మెకానిక్‌కు చూపిస్తే ఏ ఫాల్టూ లేదు."

"పర్లేదు. నాకు ఇదే కావాలె."

తను ఎవరో అతనికి చెప్పలేదు. చెబితే ఏడుపొస్తుందని భయం.

రెండు వానాకాలాల కింద ఇల్లెందు దాటిన తర్వాత అడవి మలుపులో ఈ బండి దొరికింది. ఇంజన్ నడుస్తూనే ఉంది. గేరు డ్రైవ్‌లోనే ఉంది. డ్రైవర్ వైపు తలుపు బార్లా తెరిచి ఉంది. ఆటోమేటిక్ బండి కదా, బ్రేక్ మీద కాలు తీస్తే దానంతట అదే పాకుతుంది. అట్లా పాకి పాకి ఒక టేకు చెట్టుకు ఆని, ముందు చక్రాలతో బురద తవ్వుకుంటూ ఉంది. కోటేష్ లేడు. పోలీసులు వెతికారు, టేకులపల్లి దాటాక ఉండే తమ తండా అంతా కదిలి వెతికింది. చెప్పు కూడా దొరకలేదు.

ఆ బండిని చూడలేక నాన్న రామ్‌చందర్ ఎవరితోనూ అనకుండా అమ్మేశాడు. ఆ దిగులుతోనే మంచం పట్టి పోయాడు. అమ్మ జమ్లి మాత్రం కొడుకు పోయాడంటే ఒప్పుకోలేదు. కర్మ చేయనివ్వలేదు. ఖమ్మం దవాఖానాలో నర్సుగా పనిచేసే జ్యోత్స్న నెలకోసారి తండాకు వెళ్లి, అమ్మ పక్కన కాసేపు కూర్చుని వచ్చేది. తమ్ముడు చివరిసారి కూర్చున్న చోట ఒక్కసారి కూర్చోవాలని ఆమె కోరిక. అంతకు మించి ఏమీ లేదు.

మధ్యాహ్నం బండి తీసుకుని బయల్దేరింది. సీట్లో కూర్చుంటే స్టీరింగ్ తోలు ఒక్క చోట నున్నగా అరిగి వేళ్లకు తగిలింది. కోటేష్ చెయ్యి ఎప్పుడూ అక్కడే ఉండేది. దాన్ని పట్టుకునే ఇల్లెందు దాకా నడిపింది.

ఇల్లెందు దాటేసరికి మబ్బు కమ్మింది. సాయంత్రమే గానీ టేకు ఆకుల కింద అప్పుడే చీకటి. సన్నటి జల్లు మొదలైంది. తడిసిన మట్టి వాసన, కుళ్లిన ఇప్పపూల వాసన లాంటిదేదో లోపలికి వచ్చింది. అది ఇప్పపూల కాలం కాదు. అద్దాలన్నీ మూసే ఉన్నాయి.

మలుపు దగ్గర సైలెన్సర్ రొద ఉన్నట్టుండి అణిగిపోయింది. వాన చప్పుడు కూడా.

"అక్కా..."

జ్యోత్స్న కాలు బ్రేక్ మీద పడింది. బండి ఆగింది. చెయ్యి గేరును పార్కింగ్‌లోకి నెట్టింది.

"అక్కా... సలి పెడ్తుంది. ఇటు రా..."

చెట్ల లోపలి నుంచి. కోటేష్ గొంతే. జ్వరం వచ్చినప్పుడు గొంతు అట్లాగే సన్నబడేది వాడికి. ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"వస్తున్నరా... ఆడనే ఉండు!"

తలుపు పిడి లాగింది. టక్‌మని లాక్ పడింది. లాక్ తీసింది. మళ్లీ పడింది. పిచ్చిదానిలా మళ్లీ మళ్లీ తీసింది.

అప్పుడు వెనక సీటు తోలు కిర్రుమంది. ఎవరో ముందుకు వంగినట్టు. ఇంజనాయిల్ వాసన... కోటేష్ ఎప్పుడూ చప్పరించే పుదీనా చాక్లెట్ వాసన... చెవి పక్కనే చల్లటి ఊపిరి.

"బాయీ... దిగకు."

జ్యోత్స్న తలుపు పిడి వదిలేసింది. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ కోటేష్ లంబాడీలో అమ్మను యాడి అన్నట్టే ఆమెను బాయి అనే పిలిచాడు. ఒక్కసారి కూడా అక్కా అనలేదు.

మరి ఆ చెట్లల్ల ఉన్నదెవరు...?

గేరు దానంతట అది డ్రైవ్‌లోకి జారింది. ఆమె పాదం మీద ఒక చెయ్యి పడింది. చిన్నప్పుడు కాల్లో ముల్లు తీసేటప్పుడు తమ్ముడు పట్టుకున్నంత మెత్తగా పట్టుకుని, బ్రేక్ మీద నుంచి పైకి లేపింది. బండి పాకడం మొదలుపెట్టింది. మెల్లగా... చాలా మెల్లగా.

చెట్ల వెంట ఆ గొంతూ పాకింది. "అక్కా... అక్కా... అక్కా..." ఊపిరి తీసుకోకుండా. అద్దం దాకా వచ్చింది. ఆమె అటు చూడలేదు.

"తమ్మీ," అంది వెనక్కి తిరగకుండానే. "ఇంటికి పోదాం రా. యాడి నీ కోసమే బతుకుతుంది."

వెనక నుంచి వచ్చిన గుసగుసలో ఏడుపు ఉంది.

"నేను దిగిన బాయీ... పిలిస్తే దిగిన. నువ్వే పిలుస్తున్నవనుకున్న."

అంతే. ఇంజన్ ఒక్కసారి గర్జించి బండి ముందుకు దూకింది. టేకులపల్లి దీపాలు కనబడేదాకా జ్యోత్స్న స్టీరింగ్ మీద ముఖం తుడుచుకుంటూనే ఉంది. ఊరి మొదటి దీపం కిందకు రాగానే పుదీనా వాసన పోయింది. వెనక సీటు ఖాళీగా ఉంది. "కోటేష్," అని పిలిచి చూసింది. మళ్లీ పిలిచింది. పేరు తప్ప ఏమీ మిగల్లేదు.

తండాలో ఇంటి ముందు బండి ఆపేసరికి పొయ్యి మీద కోడికూర వాసన వస్తోంది. జమ్లి గడప దగ్గరే నిలబడి ఉంది. పెట్టెలో దాచుకున్న అద్దాల రవిక తొడుక్కుంది. ఇన్నాళ్ల తర్వాత అమ్మ ముఖంలో నవ్వు చూసి జ్యోత్స్న వాకిట్లోనే ఆగిపోయింది.

"నేను చెప్పలే నీకు?" అంది జమ్లి, కూతురి రెండు చేతులూ పట్టుకుని. "వాడు బతికే ఉన్నడంటే ఎవ్వలన్నా ఇన్నరా? ఇప్పుడే వచ్చిండు. తడిసి ముద్దయిండు పాపం. లోపల పండుకున్నడు, లైటు వెయ్యొద్దన్నడు. జల్దీ రా, అక్క ఏది, అక్క ఏది అని నిన్నే అడుగుతుండు."

"యాడీ, లోపలికి పోకు... యాడీ, ఆగు..."

జమ్లి అప్పటికే చెయ్యి విడిపించుకుని, కొడుకు కోసం కంచం పట్టుకుని, ఆ చీకటి గదిలోకి నడిచింది.

జ్యోత్స్న కిందకు చూసింది. అరుగు సిమెంటు మీద తడి అడుగులు. వాకిలి నుంచి గడప దాటి లోపలికి వరసగా వెళ్లాయి. ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చింది.

అన్నీ ఎడమ పాదాలే.