కట్టు విప్పిన చెయ్యి

"మా నాయన కాలు కుళ్ళబెట్టింది మీరే! పక్క మంచం మనిషి చీము తుడిచిన గ్లవ్సుతోనే వచ్చి మా నాయన పుండు మీద చెయ్యేసినారు. నా రెండు కళ్ళతో చూసినా. కాదని చెప్పండి!"

పొద్దున్నే అబిగయీలు వేసిన కేకకు ఎమర్జెన్సీ వార్డంతా ఇటు తిరిగింది. డ్యూటీ డాక్టరు నరేంద్రబాబు ఆమె వైపు చూడకుండానే, "అటెండెంట్లు బయటికి" అన్నాడు. తప్పు దొరికిపోయిన ప్రతిసారీ ఇలాంటి వాళ్ళ నోట వచ్చే మాట అదొక్కటే.

మంచం మీద జకరయ్య జ్వరంతో మూలుగుతున్నాడు. ఇందుకూరుపేట దగ్గర రొయ్యల గుంటలో దిగినప్పుడు ఆల్చిప్ప గుచ్చుకుని పాదం తెగింది. షుగరు మనిషి. పైన వార్డులో మంచం ఖాళీ లేదని మూడో రోజు కూడా ఇక్కడే పడేశారు. నిన్న వేళ్ళ దగ్గరున్న వాపు ఇవాళ చీలమండ దాకా పాకింది. ఇంకా ఎక్కితే పాదమే తీసెయ్యాలని డాక్టరు కుండబద్దలు కొట్టినట్టు చెప్పేశాడు.

"నోర్మూసుకోమ్మే," అంటూ లాజరస్ చెల్లెలి రెక్క పట్టి లాగాడు. "వీళ్ళతో పెట్టుకుంటే నాయన్ని ఎవురు చూస్తారు? నీ నోటికి భయపడి నీ మొగుడే ఇంటికి రాడు."

"రాకపోతే పోనీ. నాయన పాదం పోతే నీది కోసిస్తావా?"

నర్సు ఉషారాణి మూతి తిప్పింది. "ఏం చదివావమ్మా నువ్వు, మాకు పాఠాలు చెప్తున్నావు?"

"రొయ్యపిల్లల హ్యాచరీలో పని నాది. మందునీళ్ళలో కాళ్ళూ చేతులూ ముంచందే ఓనరునైనా లోపలికి పోనీను. రొయ్యపిల్లకున్న విలువ మా నాయనకు లేదా?"

పక్క మంచం దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. ఉషారాణికి ఒళ్ళు మండింది. "అన్నీ మా నెత్తినే వెయ్యబాకు. నేను వేసిన ముడి వేరు, ఇప్పుడున్న ముడి వేరు. గాజుగుడ్డంతా నూనె. కట్టు విప్పిందెవురో ముందు మీవాళ్ళనే అడుగు!"

గోడవారన నిలబడ్డ తల్లి రెబెక్కమ్మ ఒక అడుగు ముందుకేసింది.

విప్పింది ఆమే. తెల్లారి నర్సుల డ్యూటీ మారే వేళ, ఎవరూ లేనిది చూసి, చర్చి గుడిలో ప్రార్థన చేయించి తెచ్చిన నూనె వేలితో పుండు మీద రాసింది. గుడ్డ మీద రాస్తే ప్రార్థన లోపలికి పోదనుకుంది. అంతకు ముందే మొగుడి మూత్రం పారబోసి వచ్చింది. చేతులు కొంగుకు తుడుచుకుంది, అంతే. నిన్న పొద్దున కూడా అదే చేసింది.

"నేనే విప్పినా" అంది.

అబిగయీలు గిరుక్కున తిరిగింది. "నువ్వా? నేనీడ అందరితో కొట్లాడతంటే చేసింది నువ్వా? నాయన్ని నీ చేత్తోనే చంపుకుంటావా?"

రెబెక్కమ్మ ఏడవలేదు. నలభై ఏళ్ళుగా ఎవరికీ ఎదురు చెప్పని మనిషికి కోపమొచ్చింది.

"నాకెవురు చెప్పినారే? మూడు దినాలుగా నేను విన్న మాట ఒకటే, బయటికి పో. మూత్రం ఎత్తాలంటే నేను కావాల. దుప్పటి మార్చాలంటే నేను కావాల. అప్పుడు లోపలి మనిషిని! ఏది ముట్టుకోవాల, ఏది ముట్టుకోకూడదని ఒక్కరన్నా చెప్పినారా? వీళ్ళ సంగతి వదిలెయ్. హ్యాచరీలో ముక్కూమొహం తెలీనోళ్ళకు చెప్తావే, అమ్మకు చెప్పే తీరిక లేదా నీకు?"

అబిగయీలు అంతసేపూ డాక్టరు మీదికి చాపిన వేలు దానంతటదే కిందికి దిగింది.

చివరికి తల్లి మణికట్టు పట్టుకుని కొళాయి దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడ సబ్బు సీసా ఖాళీగా వేలాడుతోంది. లాజరస్ పరుగున పోయి బయట అంగట్లో సబ్బు కొనుక్కొచ్చాడు. అబిగయీలు తల్లి చేతులు తన చేతుల్లోకి తీసుకుని వేళ్ళ సందులు, గోళ్ళ కింద, మణికట్టు దాకా రుద్దింది. రుద్దుతూనే ఏడ్చింది. "చెప్పలేదుమా నీకు. నాదే తప్పు."

"నీళ్ళు సరిగ్గా పొయ్, ఏడుపు తర్వాత" అంది రెబెక్కమ్మ. ఆమె కళ్ళూ కారిపోతున్నాయి.

నరేంద్రబాబు కాగితం పట్టుకొచ్చాడు. "రెండు వేళ్ళు తీసెయ్యాలి. ఇప్పుడే తీస్తే పాదం దక్కుతుంది. ఇక్కడ సంతకం పెట్టండి."

రెబెక్కమ్మ అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టి కాగితం చేతికిచ్చింది. జకరయ్యను థియేటరుకు తోసుకుపోయారు. డాక్టరు వెనకే కదలబోతే ఆమె అడ్డంగా నిలబడలేదు, పక్కనే నడిచింది. నడుస్తూనే అడిగింది.

"అయ్యా, నా తప్పు నలుగుర్లో ఒప్పుకున్నా. మీ సంగతి మీకు తెలుసు. ఆ కొళాయి కాడ సబ్బు పెట్టించండి, ఇప్పుడే. మంచం మారినప్పుడల్లా గ్లవ్స్ మార్చండి, చేతులు కడగండి. మార్చకపోతే అడుగుతా, అడిగినందుకు కసరబాకండి. రేపట్నుంచి ఈయన్ని కనిపెట్టుకోవాల్సింది నేను. కట్టు ఎట్టుంటే బాగున్నట్టు, ఎట్టుంటే మిమ్మల్ని కేకెయ్యాల, ఆయన బయటికొచ్చేలోపల నాకు నేర్పించండి. ఇంక బయటికి పొమ్మంటే పోను."