కాటా గది దగ్గర పలకకూడదు

చీకటి పడ్డాక కాటా గది దగ్గర ఎవరు పిలిచినా పలకకూడదు. కొండెక్కే వాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. మొదట ఎవరు చెప్పారో మాత్రం ఎవరికీ తెలీదు.

ఒకప్పుడు కొండమీద రాతి క్వారీ ఉండేది. రాళ్ళ లారీలను తూకం వేసిన గదే కాటా గది. ఇప్పుడు దానికి కప్పూ లేదు, తలుపూ లేదు. మొండిగోడలు మిగిలాయి, అంతే. గది వెనకే క్వారీ గొయ్యి… నిట్టనిలువుగా తవ్వేసి వదిలేశారు. అడుగున నల్లగా నీళ్ళు. నడిచే దారి గది ముందు నుంచి పోయి, గొయ్యి చుట్టూ పెద్ద వంపు తిరిగి కిందికి దిగుతుంది.

అక్కడున్నదేదో గానీ దాని పద్ధతే వేరు. గొలుసులు లాగదు, కిటికీలు కొట్టదు. మనవాళ్ళ గొంతుతో పిలుస్తుందట. అమ్మ గొంతో, పెళ్ళాం గొంతో, మొగుడి గొంతో… పలికామా — ఇక కాళ్ళు మన మాట వినవట.

అందుకే కొండెక్కే బృందానికి ఒక అలవాటు ఉంది. గది గోడ కనబడగానే అందరూ మాటలు ఆపేస్తారు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. వంపు దాటాకే చెయ్యి తీస్తారు. మొదట్లో సరదాకి చేసేవారు. తర్వాత సరదా పోయింది, చెయ్యి మాత్రం ఉండిపోయింది.

మా బావ ఈ అలవాటు చూసి నవ్వేవాడు. నవ్వుతూనే తనూ చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు.

ఇక చెప్పబోయేది నేను కళ్ళారా చూసింది కాదు. సగం మా అక్క చెప్పింది, సగం బావ చెప్పాడు.

బావ కట్టుడు పళ్ళు తయారు చేస్తాడు. డాక్టర్లు పంపిన అచ్చులు ముందేసుకుని పొద్దస్తమానం గీకుతూ, నునుపు చేస్తూ కూర్చుంటాడు. పగలంతా జనం నోళ్ళతోనే పని కాబట్టి సాయంత్రం నోళ్ళు లేని చోటికి పోతానని కొండెక్కుతాడు. చేతిలో ఎప్పుడూ ఒక పాత జీపీఎస్. దాని రబ్బరు అంచు ఊడిపోతే టేపు చుట్టాడు. నలుపూ తెలుపూ తెర, అందులో ఒక గీత, ఒక బాణం. మ్యాపు లేదు. "అది శాటిలైట్లు పట్టుకునేలోపు నేనో మూట బట్టలు ఉతికి ఆరేస్తాను" అంటుంది అక్క.

కిందటి నెల అదే డబ్బాని నమ్ముకుని బావ దారితప్పి వేరే లోయలోకి దిగాడు. తడిసి ముద్దై, కాలు ఈడ్చుకుంటూ ఇంటికొచ్చాడు. అక్క తిట్టలేదు. తిట్టకపోయేసరికి బావకి భయం వేసింది.

"కొత్తదన్నా కొనండి, కొండన్నా మానేయండి" అంది అక్క. "నేనిలా కిటికీ పట్టుకుని కూర్చోలేను."

కొండ మానేయడం బావ వల్ల కాదు. అలాగని కొత్తది కొంటే ఇన్నేళ్ళూ తోడున్నదాన్ని గెంటేసినట్టు అనిపించింది. కొట్టు నడిపే స్నేహితుడు, "కొన్నాళ్ళు వాడి చూడు, నచ్చకపోతే తిరిగిచ్చెయ్" అని ఒక కొత్త పెట్టె చేతిలో పెట్టాడు. అందులో రెండు జీపీఎస్‌లు ఉన్నాయి. "రెండోది ఎందుకిచ్చారంటావ్? మొదటిది పాడవుతుందని వాళ్ళకే తెలుసన్నమాట!" అని బావ ఒకటే నవ్వు. స్నేహితుడు ఏ మీట ఏం చేస్తుందో ఓపిగ్గా చెప్పుకుంటూ పోయాడు. బావ తల ఊపాడు గానీ, చెవిలోకి ఒక్క ముక్కా పోనివ్వలేదు. పాతదే చాలని నిరూపించాలని ముందే అనుకున్నాడు మరి.

ఆ సాయంత్రం వాన వెలిసింది. బావ కొత్తవాటిలో ఒకటి తీసుకుని, రెండోది పెట్టెలోనే వదిలేసి, పాతదాన్ని జేబులో వేసుకుని బయల్దేరాడు. "చీకటి పడేలోపు వచ్చేస్తా" అని అక్కకి మాటిచ్చాడు.

కాటా గది దగ్గరికి చేరేసరికి పొగమంచు దిగుతోంది. మొండిగోడ మీద కూర్చుని కుడి అరచేతిలో కొత్తది, ఎడమ అరచేతిలో పాతది పెట్టుకున్నాడు.

కొత్తదాన్లో అన్నీ రంగుల్లో వచ్చేశాయి. దారి, వంపు, గది, గొయ్యి ఉన్నచోట బూడిదరంగు మచ్చ. మధ్యలో నీలం బాణం — అది తను.

పాతది ఇంకా వెతుకుతోంది.

"ఇంకొంచెం చూద్దాం" అనుకున్నాడు. మళ్ళీ కాసేపటికి ఇంకొంచెం అనుకున్నాడు. మొండితనంలో బావని మించినవాడు లేడు. తలెత్తి చూసేసరికి చీకటి పడి చాలాసేపైంది. ఎదుటి గోడ కూడా కనబడట్లేదు.

అప్పుడు… కొత్తది చిన్నగా కూసింది.

తెర అంచులోంచి, నీలం బాణం కాకుండా, ఇంకోటి లోపలికొచ్చింది. ఎర్ర చుక్క. గొయ్యికి అవతల, దారే లేని చోట.

అది కదులుతోంది.

బావ లేచి నిలబడ్డాడు. దారివెంట ఎడమకి నాలుగడుగులు వేశాడు. చుక్క కూడా అటు తిరిగింది. బావ ఆగాడు. చుక్క ఆగలేదు. మనిషైతే దారిపట్టి రావాలి కదా… ఇది పొదలనీ బండలనీ చూడకుండా సూటిగా వస్తోంది. తను ఎటుంటే అటే.

"ఏవండీ…"

అక్క గొంతు.

బావ చెయ్యి దానంతటదే నోటిమీదికి వెళ్ళింది.

"ఏవండీ… ఎక్కడున్నారు?"

అదే గొంతు, అదే సాగదీత. కానీ అక్క ఇంట్లో ఉంది. మోకాళ్ళ నొప్పులతో రెండంతస్తులు ఎక్కితే మూడోది రేపటికి వాయిదా వేసే మనిషి. పెళ్ళయ్యాక ఒక్కసారి కూడా కొండవైపు అడుగు వెయ్యలేదు. ఈ పొగమంచులో, ఈ చీకట్లో, దారిలేని దారిలో… అక్క ఎలా అవుతుంది?

ఈ కొత్త డబ్బా వల్లే దానికి తన జాడ తెలుస్తోందనుకున్నాడు బావ. మీట నొక్కి పట్టుకున్నాడు. తెర ఆరిపోయింది. చుక్కా పోయింది.

సరిగ్గా అప్పుడే పాతదానికి శాటిలైట్లు దొరికాయి. దాని బాణం ఎటు చూపిస్తే అటు పరుగందుకున్నాడు. ఒక చేత్తో నోరు మూసుకుని, ఇంకో చేత్తో దాన్ని పట్టుకుని. అంత భయంలోనూ "పాతదే నయం" అనుకున్నాడట, సిగ్గులేకుండా తనే చెప్పాడు.

వెనక నుంచి మళ్ళీ వినబడింది. ఈసారి పిలుపు కాదు, తనలో తను గొణుక్కున్నట్టు—

"అయ్యో… ఇదేంటి, ఆరిపోయిందీ…"

బావ వినీ విననట్టు ఇంకాస్త దూరం పరిగెత్తాడు. అంతలో ఎక్కడో రాయి జారిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు… ఏమీ లేదు… చాలాసేపటికి, కింద ఎక్కడో, నీళ్ళలో బుడుంగుమంది.

బావ కాళ్ళు ఆగిపోయాయి.

గొంతులు మార్చే దెయ్యం రాళ్ళెందుకు దొర్లిస్తుంది? 'ఆరిపోయింది' అని ఎందుకు దిగులుపడుతుంది? ఇంట్లో బల్లమీద వదిలొచ్చిన పెట్టె అప్పుడు గుర్తొచ్చింది. అందులో రెండోది ఉంది. స్నేహితుడు ఏదో చెబుతూనే ఉన్నాడు… ఒకటి ఎక్కడుందో ఇంకోదానికి కనబడుతుందనో, ఏదో…

కొత్తదాని మీట నొక్కాడు. ఆ తెర వెలిగేలోపు తన బతుకు సగం అయిపోయిందన్నాడు బావ.

వెలిగింది. ఎర్ర చుక్క ఉంది. కదలట్లేదు. సరిగ్గా బూడిదరంగు మచ్చ అంచు మీద ఉంది. లోపలో బయటో తెలీదు.

బావ నోటిమీంచి చెయ్యి తీసేశాడు. ఆ చోట ఎప్పుడూ గుసగుస కూడా పెట్టనివాడు కొండ దద్దరిల్లేలా అరిచాడు.

"ఏమే! ఉన్నావా?"

పొగమంచు… నిశ్శబ్దం… తర్వాత సన్నగా—

"ఉన్నానండీ. కూర్చునే ఉన్నాను."

"కదలకు! వస్తున్నా!"

వచ్చిన దారినే వెనక్కి పరిగెత్తాడు. గోడ పట్టుకుని, గడ్డి పట్టుకుని, చివరికి మోకాళ్ళమీద పాకుతూ గొయ్యి అవతలి అంచుకి చేరాడు. అక్క నేలమీద చతికిలబడి ఉంది. ఒక చేతిలో టార్చి, ఇంకో చేతిలో రెండో జీపీఎస్. పాదాలకి అవతల నేల లేదు. బావ వెనకనుంచి చంకల్లో చేతులేసి దారిదాకా ఈడ్చుకొచ్చాడు. అక్క గట్టిగా ఏడ్చింది. ఏడవడం అయ్యాక తిట్టడం మొదలుపెట్టి, ఇల్లు చేరేదాకా ఆపలేదు.

జరిగింది ఇదీ. చీకటి పడినా మొగుడు రాలేదని అక్క పెట్టె తెరిచింది. తెలిసినా తెలియకపోయినా అన్ని మీటలూ నొక్కింది. తెరమీద బావ చుక్క వచ్చింది. కాటా గది దగ్గరే ఉంది. ఎంతసేపు చూసినా కదలట్లేదు. పడిపోయాడనుకుంది.

"మోకాళ్ళు గుర్తుంటేగా!" అంది నాతో. "గొయ్యికి అవతలివైపు వచ్చే పాత లారీల దారి పట్టుకుని ఎక్కేశాను. పైకెళ్ళాక, చుక్క ఎటుంటే అటు నడిచా. మధ్యలో బూడిదరంగులో ఏదో ఉంది. మబ్బు నీడేమో అనుకున్నా."

కాటా గది దెయ్యం అంటే మా అక్కే అన్నమాట. వారం రోజులు మావాళ్ళందరం ఆమెని ఆ పేరుతోనే పిలిచాం. కొత్త జీపీఎస్‌ల జత తిరిగి కొట్టుకి వెళ్ళలేదు, వాళ్ళ ఇంటిదైపోయింది. పాతదాన్ని బావే తీసుకెళ్ళి అలమారలో పైఅరలో పెట్టాడు.

నాకు మాత్రం ఒక సంగతి మింగుడు పడలేదు. ఓ సాయంత్రం వాళ్ళింట్లో కూర్చుని అడిగేశాను.

"నువ్వు పిలుస్తుంటే విని పారిపోయాడు కదే! నీకు కోపం రాలేదూ?"

అక్క నావైపు వింతగా చూసింది.

"ఎక్కడ పారిపోయారు? కాస్త దూరం వెళ్ళారు, చుక్క ఆరిపోయింది. నేనేమో ముందుకే నడుస్తున్నా. అప్పుడే కదా అరిచారు, 'కూర్చో! అక్కడే కూర్చో!' అని. చెవి పక్కనే అరిచినట్టుంది. ఎందుకో ఏమిటో ఆలోచించలేదు, కూలబడ్డాను. నా కాలికింద రాయి జారి పడింది. అది నీళ్ళలో పడడానికి ఎంతసేపు పట్టిందో తెలుసా? ఆయన ఆ మాట అనకపోతే రాయి వెనకే నేను. భయపడితే పడ్డారు పాపం. ఆ ఒక్క కేకకి ఆయన చేసిన తప్పులూ, ఇకమీద చెయ్యబోయే తప్పులూ అన్నీ వదిలేశాను."

బావ కిటికీ దగ్గర పళ్ళ సెట్టు గీకుతున్నాడు. తలెత్తలేదు.

నేను బయల్దేరుతుంటే వీధి మలుపుదాకా దిగబెడతానని వెంట వచ్చాడు. నా నోరు ఊరుకోదు కదా.

"నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నవాడివి అంత సరిగ్గా, అంత సమయానికి ఎలా అరిచావు బావా?"

బావ నడక ఆపాడు. వెనక్కి తిరిగి ఇంటివైపు చూశాడు. తలుపు వేసే ఉంది. అయినా గొంతు తగ్గించాడు.

"నేను అరవలేదు."

"అదేంటి? కూర్చోమని—"

"రాయి నీళ్ళలో పడ్డ చప్పుడు విన్నాకే నేను నోరు తెరిచింది. అప్పటికే మీ అక్క కూర్చుని ఉంది."

నేనూ ఇంటివైపు చూశాను.

"మరి… అక్కకి చెప్పలేదా?"

"ఏమని చెప్పను?" అన్నాడు బావ. వీధిదీపం కింద అతని మొహం తెల్లగా పాలిపోయి ఉంది. "నేను నోరు మూసుకుని పరిగెడుతుంటే… నా గొంతుతో ఇంకెవరో నా పెళ్ళాన్ని కాపాడారని చెప్పనా?"