తాగనివాడి కామెర్లు

పొద్దున్నే టీ కంటే ముందు మాత్ర. దాచేపల్లిలో బసవయ్య ఇంట్లో కొన్నాళ్ళుగా అదే పద్ధతి. తాగుడు మాన్పించడానికి డాక్టరు రాసిచ్చిన ఆ మాత్రను భార్య నాగేంద్రమ్మ తన చేత్తో ఇచ్చి, మింగాక నోరు తెరిపించి, నాలుక కింద కూడా చూసేది. సిమెంటు లారీ నడిపే అంత మనిషీ చంటిపిల్లాడిలా నోరు తెరిచేవాడు. ఏళ్ళ తరబడి ఆమెను ఏడిపించిన నోరది, ఆ మాత్రం చూడొద్దూ మరి!

ఒక రోజు నోటికంటే ముందుగా అతని కళ్ళు కనబడ్డాయి. పసుపు పూసినట్టున్నాయి.

"మళ్ళీ మొదలెట్టావా?"

"లేదే. దీప్తి మీద ఒట్టు. ఈ మాత్ర పడటంలా నాకు. అన్నం సయించటంలా, ఒకటే వాంతులు."

"కూతురి మీద ఒట్లు నాకు కొత్తేంది? మాత్ర మానేసి తాగుదామని నీ ఎత్తు. తాగుబోతులకు గాక ఇంకెవరికొస్తయ్యి కామెర్లు?"

వీధిలో వాళ్ళూ అదే మాటన్నారు. ఆమె పసరు పోయించింది, ఉప్పూ నూనె లేని పథ్యం పెట్టింది, పనిలో పనిగా రోజుకో మాత్రను రెండు చేసింది. మధ్యమధ్యలో రక్తపరీక్షకు రమ్మన్న డాక్టరు మాట ఎప్పుడో గాలికి వదిలేసింది.

బసవయ్య మంచం దిగలేని స్థితికి వచ్చాక నరసరావుపేట ఆసుపత్రిలో చేర్చారు. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ నాగేంద్రమ్మను పిలిచింది.

"ఇది తాగుడు వల్ల కాదమ్మా. ఆ మాత్ర అరుదుగా కొందరి లివర్‌ను ఇలా దెబ్బతీస్తుంది. వాంతులప్పుడే ఆపేసి రావాల్సింది."

"బతుకుతాడామ్మా?"

"ఇప్పుడే చెప్పలేను."

నాగేంద్రమ్మ మంచం దగ్గరికొచ్చింది. పాపిష్టిదాన్ని, చేజేతులా చేసుకున్నానని కుమిలిపోయింది.

"అంత కష్టంగా ఉంటే ఉమ్మేయొచ్చుగా! ఎందుకు మింగావయ్యా?"

"ఉమ్మేస్తే తాగానంటావుగా," అన్నాడు నీరసంగా.

తాగిన రోజుల్లో చెప్పిన అబద్ధాలన్నీ నమ్మింది. మానేశాక చెప్పిన నిజం ఒక్కటే నమ్మలేదు. ఆమె అతని చేయి పట్టుకుంది.

"నమ్ముతున్నానయ్యా. నువ్వు తాగలా."

"డాక్టరమ్మ చెప్పిందిగా. ఇప్పుడు నమ్ముతావులే."

అన్నాడే గానీ, అతను చేయి వెనక్కి తీసుకోలేదు. ఆ చేతిలో మొహం దాచుకుని నాగేంద్రమ్మ వార్డంతా వినబడేలా ఏడ్చింది.