అతుకు లేని చెంచాలు

"ఏమే సాయిశ్రీ, పిల్లి మ్యావంటే దుప్పట్లో దూరేదానివి, నీకు దెయ్యం కథ కావాల్నా? మీ అక్క లవ్ స్టోరీలో నిజం దెయ్యమే ఉండాది, వినుకో!" అని మొదలుపెట్టాను.

మా అక్క పెద్ద కూతురు అశ్వితకి, ఉదయగిరిలో చెక్క చెంచాలు చెక్కే ప్రశాంత్ అంటే ప్రాణం. మా బావ పెంచలయ్యేమో ఆత్మకూరు సంబంధం ఖాయం చేసి, మాట చెప్పిరమ్మని నన్ను పంపాడు.

నేను బయలుదేరే ముందురోజు అశ్విత ఏదో ఇంగ్లీషు నవల చదువుతోంది. యుద్ధం, మంత్రాలు, ప్రేమ.

"ఇందులో ప్రతిదానికీ మీనింగ్ ఉండాది మామా. గుడ్లగూబంటే యుద్ధం. ఒకే చెక్కలో గొలుసుతో చెక్కిన రెండు చెంచాలంటే ప్రేమికులు. సిపాయి చస్తే గొలుసు తెగతాది. తెగింది అతుక్కుంటే..."

"అతుక్కుంటే?"

"చచ్చినోడు తిరిగొచ్చినట్టు. ఎవరి దగ్గర అతుక్కుంటే వాళ్లు ప్రేమికుల్ని కలపాల. లేకుంటే తోడు తీసకపోతాడు."

ప్రశాంత్ ఇచ్చిన అలాంటి జంట ఆమె కిటికీలోనే ఉంది. నేను ఊరుకుంటానా? గొలుసు తెంపి, ఒక చెంచా నా సంచిలో వేసుకున్నాను. కెవ్వుమంటుందనుకున్నా.

అశ్విత అరవలేదు. జల్లులో కొండ మీది కోటకేసి చూస్తూ నిలబడింది.

"మామా, పైన ఎవరో నడస్తుండారు."

చూశాను. మంచు తప్ప ఏమీ లేదు.

మర్నాడు వాన. ఆత్మకూరు బస్సెక్కి, అది బయలుదేరేలోపే కునుకు తీశాను. మెలకువొచ్చేసరికి బస్సు ఊరు దాటింది. తువ్వాలు కోసం సంచిలో చెయ్యి పెట్టాను.

రెండు చెంచాలు. మధ్య గొలుసు. ఎంత తడిమినా అతుకు లేదు.

పక్క సీటు ఖాళీ. కానీ మనిషి కూర్చున్నంత మేర తడి.

బస్సు ఆపించి దిగి, వెనక్కొచ్చి బావ కాళ్ల మీద పడ్డాను.

"ఏందిరా రాఘవా, ముఖం అట్టా పాలిపోయిందే?"

"పిల్లని ప్రశాంత్‌కి ఇయ్యి బావా! లేకుంటే నేను బతకను!"

బావ పడీపడీ నవ్వాడు. తర్వాత చెంచాలు తీసుకుని గొలుసంతా వేళ్లతో తడిమాడు.

"ఒకే చెక్కలోనా? ఆ పిల్లోడి చేతిలో ఇంత పని ఉండాదా?" అశ్విత వైపు తిరిగాడు. "వాడంటే నీకిష్టమేనా అమ్మా?"

ఆమె తల దించుకుని, "ఊ" అంది.

పెళ్లయ్యాక అసలు సంగతి చెప్పింది. నవలలో గుడ్లగూబే ఉందట, చెంచాలు లేవట. ప్రశాంత్ చెక్కింది రెండు జంటలట. "నీకు చెప్తే తెంపకుండా ఉంటావా మామా!" అని నవ్వింది.

"సరే, వాళ్ల చేతిలో మోసపోయినా. కానీ సాయిశ్రీ, ఆ పొద్దు వాళ్లిద్దరూ బస్టాండుకే రాలేదు. మరి సంచిలోకి అదెట్టా వచ్చె? పక్కన కూర్చున్నదెవరు? అదే దెయ్యం! బయమేస్తాందా?"

సాయిశ్రీ కిసుక్కున నవ్వింది.

"నువ్వు గురక పెడతావుంటే నేనే కూర్చున్నా మామా. పిరికిదాన్ని గదా, బస్సు కదలకముందే దిగేసినా."