ఆదిమూలం నరకని జిల్లేడు

మీరు నమ్మరు. ఏడుకొండలవాడి మీద ఒట్టేసి చెప్తాండా, దీన్ని మీరు నమ్మనే నమ్మరు. నేను దెయ్యాల కతలు చెప్తాంటే పలమనేరు సంతలో ఎద్దులు తాళ్లు తెంపుకొని పారిపోయినాయి, మనుషులు మాత్రం పళ్లికిలించినారు. ఇకిలించుకోండి. అవన్నీ ఉప్పూకారం ఎక్కువేసి వండినవి. ఇది ఉప్పు వెయ్యని కూడు. గొంతు దిగదు.

ఆదిమూలం మీకు తెలీదు గదా. మా చేనుకు పైచేను వాడిది. యాభై దాటినోడు. ఊరికి దూరంగా, గుట్టకింద, బాయికాడ రెండంకణాల ఇల్లు. రెండావులు, నాలుగు మామిడిచెట్లు. మొదటి పెళ్లాం కాన్పులో పోయింది. రెండో పెళ్లాం జరమొచ్చి పోయింది. ఇద్దరికీ వాడే కొరివి పెట్టినాడు. ఆపైన వండుకునేదీ ఒక్కడే, తినేదీ ఒక్కడే. మాట్లాడ్డానికి ఆవులే దిక్కు.

"ఏమప్పా, ఈపొద్దు ఎర్రావు ఏమంటాంది?" అని నేను ఎగతాళి చేస్తే, "నీకంటే బుద్ధిగా మాట్లాడతాంది లేరా" అనేవాడు.

ఎమర్జెన్సీ పోయిన మరుసటేడు, ఎండాకాలంలో, మామిడిచెట్టు మీదనుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. పుత్తూరుకు పోయి కట్టు కట్టించుకొని, చెట్టునీడన కూలబడినాడు. పక్కన ఒకామె. ఆమెకూ ఎడమచేతి మణికట్టుకు కట్టు.

"నీకెట్లా విరిగిందమ్మా?"

"చేనిగట్టు గనిమ మీద జారినా. నీకో?"

"మామిడిచెట్టు తోసేసింది."

"చెట్టు తొయ్యదప్పా. కూర్చున్న కొమ్మే కొట్టుకునింటావు."

ఉన్నమాటే అది. ఆదిమూలం నవ్వినాడు. ఎన్నేండ్లకో మనిషి ముందర నవ్వినాడు.

ఆమె పేరు చెంగమ్మ. నగరి పక్కన ఎకరన్నర చేను, ఒక మేక. అమ్మానాయనలను సాకుతా సాకుతా పెళ్లి మాటే మరిచిపోయిందంట. వాళ్లు పోయినాక ఆమే సేద్యం చేసుకుంటాంది. కట్టు మార్చుకోడానికి పోయినప్పుడల్లా ఇద్దరూ ఆ చెట్టుకిందే కలిసేవాళ్లు. ఒకరు వాన గురించి అంటే ఇంకొకరు విత్తనం గురించి అనేది. ఒకనాడు ఆదిమూలం పెళ్లి చేసుకుందామా అని అడిగేసినాడు.

చెంగమ్మ నేల చూడలేదు, వాడి మొకమే చూసింది. "నాకు మొగుడు వద్దప్పా. ఈ వయసులో మొగుణ్ణి పెట్టుకొని ఏం చేసుకోవాల? పొద్దుగూకినాక మాట్లాడే మనిషి కావాల. అంతే."

"నాకూ అంతే."

"అయితే చెనక్కాయలు పీకినాక వస్తా. పంటను భూమిలో పెట్టి పెళ్లికి పరిగెత్తే ఆడది సేద్యగత్తె కాదు."

ఆ మాటకు ఆదిమూలం కరిగిపోయినాడు. చెంగమ్మ అంత సేద్యగత్తె కాబట్టే, కలుపు తియ్యాలని కట్టు ముందే విప్పేసుకుంది. మణికట్టు వంకరగా అతుక్కుంది. మబ్బు పడితే నొప్పి.

ఈ సంగతి విని వాడి అక్క గురవమ్మ గుండెలు బాదుకుంది. "ఒరే, ఇద్దరు పోయినారు. మూడో తాళి మనిషికి కడితే ఆ మనిషి బతకదురా. ముందు జిల్లేడుకు కట్టు. కట్టి నరికెయ్. మూడోది చచ్చిన లెక్క. అప్పుడు చెంగమ్మ నాలుగోదవుతాది, నూరేండ్లు బతుకుతాది."

మన పక్క ఇది ఉండేదే గదా. ఒక ఆదివారం పొద్దున అయ్యవారిని పిలిపించి, వాకిట్లో ఉన్న తెల్లజిల్లేడుకు నీళ్లుపోసి, పసుపుకొమ్ము తాడు కట్టించినారు. అయ్యవారు పోతా పోతా గట్టిగా చెప్పినాడు. "మేము మలుపు తిరిగినాక మొదలంటా నరుకు. వెనక్కి చూడకుండా పోయి తలకు పోసుకో. తాళి కట్టి నరకకపోతే అది చెట్టు కాదు, నీ పెళ్లామే."

వాళ్లు మలుపు తిరిగినారు. ఆదిమూలం కొడవలి ఎత్తినాడు. మొన తగిలి ఒక ఆకు తునిగింది. తెల్లటి పాలు కారి వాడి చేతిమీద పడినాయి. ఇద్దరిని కాల్చిన చేతులు... ఇంక ఎత్తలేకపోయినాయి.

వాడు ఏం చేసినాడో తెలుసునా? గనిమ మీది ఇంకో జిల్లేడును నరికి, ఆ నరికిన చెట్టును తెచ్చి అక్కకు చూపించి, "అయిపోయిందక్కా" అన్నాడు. వాకిట్లోదాని ముందర గడ్డికుప్ప వేసి దాచేసినాడు.

చెంగమ్మ రావాలంటే చెనక్కాయలు పీకాల. ఇంకా నెలలు. ఆదిమూలానికి సందకాడ అయితే తోచదు. సంగటి ముద్ద తెచ్చుకొని జిల్లేడు పక్కన కూర్చునేవాడు. మొదట ఊరికే కూర్చున్నాడు. తర్వాత చెంగమ్మ గురించి చెప్పడం మొదలుపెట్టినాడు. ఎట్లా నవ్వుతాదో, ఏమప్పా అని ఎట్లా పిలుస్తాదో, పుత్తూరులో ఏ మాట అనిందో. చెప్పిందే మళ్లీ చెప్పినాడు. వినేది దొరికితే ఎవురు మానుకుంటారు? ఆ వానలకు జిల్లేడు ఏపుగా లేచింది. మనిషెత్తు అయింది. ఆకులన్నీ ఇంటి తట్టే తిరిగి ఉండేవి...

కార్తీకంలో కొండకు పోయి చెంగమ్మకు తాళి కట్టి పిల్చుకొచ్చినాడు. ఆమె వెంట ఆ మేక. బస్సులో కండక్టరు మేకకు టికెట్టు అడిగితే, "అది నా పెళ్లిపెద్ద. పెళ్లిపెద్దకు టికెట్టు అడుగుతారా ఎవరైనా?" అని చెంగమ్మ బస్సంతా నవ్వించింది. ఆదిమూలం మీసం కింద నవ్వుకున్నాడు. ఇంక ఒంటరి కాదనుకున్నాడు.

ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది. తుంపర. మట్టివాసన, తడిసిన గడ్డివాసన. మేకను కట్టేసే చోటు వెతుకుతా చెంగమ్మ గడ్డికుప్ప చాటుకు పోయింది.

"ఏమప్పా, ఈ జిల్లేడుకు తాళి ఏంది?"

ఆదిమూలం ఆవుల తట్టు చూసినాడు. నిజం చెప్తే ఈ మనిషి ఉంటాదా? మూటతోనే వెనక్కి తిరగదూ?

"ఎవరో పిల్లోళ్లు కట్టినారులే ఆటకు. అది ఉత్త చెట్టు."

గాలి లేదు. ఆకులు కదిలినాయి. మేక తాడు పెరుక్కొని ఆమె వెనక్కి పోయి దూరింది.

"సూడు, నా పెళ్లిపెద్దకు నీ వాకిలి నచ్చలేదు" అని చెంగమ్మ నవ్వి, లోపలికి పోయి పొయ్యి రాజేసింది. ఎసరు పెట్టింది. ఆదిమూలం ఆవులకాడికి పోయినాడు.

కొట్టంలో చీకటి పడింది. పాలు పిండుతాంటే ఆమె గొంతు వినపడింది. "ఏమప్పా, ముసురుకు చెయ్యి పీకుతాంది. నాలుగు జిల్లేడాకులు కోసుకొచ్చి కాక పెట్టుకుంటా."

ఆకులు వెచ్చజేసి నొప్పికి కట్టుకునేది అందరికీ తెలిసిందే. వద్దనడానికి వాడి నోరు తెరుచుకుంది. వద్దంటే ఎందుకని అడుగుతాది... నోరు మూసుకున్నాడు.

లాంతరు వెలుగు వాకిట్లో పోవడం కనపడింది. ఆమె ఏదో కూనిరాగం తీస్తాంది. ఆకు తుంచిన చప్పుడు. ఇంకో ఆకు.

"అబ్బా..."

చిన్నగా. ముల్లు గుచ్చుకున్నట్టు. జిల్లేడుకు ముల్లు ఉండదు.

కూనిరాగం ఆగిపోయింది.

ఎర్రావు పాలు ఇవ్వడం ఆపేసింది. ఘాటుగా, చేదుగా ఒక వాసన వచ్చింది. జిల్లేడుపాల వాసన.

"చెంగమ్మా?"

ఆదిమూలం బయటికొచ్చినాడు. గడ్డికుప్ప చాటున, చెట్టు మొదట్లో లాంతరు ఉండాది. వెలుగుతా ఉండాది. పక్కన మనిషి లేదు. అడుగుల జాడ చెట్టుదాకా ఉండాది. వెనక్కి తిరిగిన జాడ లేదు.

వంటింట్లోనుంచి తెడ్డు చప్పుడు. చీకట్లో, దీపం లేకుండా... ఎవరో సంగటి కెలుకుతాండారు. గరక్. గరక్.

చూరులో దోపిన కొడవలి లాగినాడు వాడు. అప్పుడు చెయ్యాల్సిన పని ఇప్పుడు చేస్తాను తల్లీ, అని చెట్టుమీదికి ఎత్తినాడు.

"ఏమప్పా... నరకద్దు..."

ఆకుల్లోనుంచి. గాలి ఊదినట్టు. "నేనప్పా... చెంగమ్మను... చెయ్యి నొస్తాంది..."

వెనక వంటింట్లోనుంచి, నింపాదిగా. "ఏమప్పా, యాడుండావు? సంగటి అయింది. రా."

రెండూ ఒకటే గొంతు.

కొడవలి నెత్తిమీదే ఉండాది. వాడికి ఒక్కటే తోచింది. ఆమెకు మాత్రమే తెలిసింది అడగాల.

"పుత్తూరులో... చెట్టుకింద... నువ్వు నాతో ఏమన్నావు? ఏం కావాలన్నావు?"

చెట్టు గుసగుసగా అనింది. "పొద్దుగూకినాక మాట్లాడే మనిషి..."

వంటిల్లు అందుకుంది. "...కావాల. అంతే."

అప్పుడు తెలిసొచ్చింది వాడికి. చెంగమ్మ గురించి తనకు తెలిసిందంతా ఆ జిల్లేడుకూ తెలుసు. దాచుకోకుండా, సందకాడ సందకాడ, తానే కూర్చోబెట్టి చెప్పినాడు. ఇంక అడగడానికి ఒక్క మాట కూడా మిగల్లేదు...

నరికితే ఏమవుతాది? పాలు కారతాయా? రక్తం కారతాదా?

కొడవలి జారి బురదలో పడింది. ముసురు. చలి. వంటింట్లో పొయ్యి ఎర్రగా ఉండాది, సంగటి వాసన వస్తాంది. ఇంట్లో ఉన్నదే పెళ్లాం అనుకోవడం సులువు. వాడు ఇంట్లోకి నడిచినాడు. వెనక ఆకులు ఏడ్చినట్టు వినపడింది. వెనక్కి చూడలేదు.

ఆమె పొయ్యి ముందర వీపు తిప్పుకొని కూర్చోనుండాది. కొంగు చేతులనిండా కప్పుకోనుండాది. ముద్ద చేసి వాడు తినే తట్టలో పెట్టింది.

"నరకలేదు గదా" అనింది. "నువ్వు నరకలేవులే. ఇద్దరికి కొరివి పెట్టినోడివి."

ముద్ద వాడి చేతిలోనే ఆగిపోయింది. ఆ మాట చెంగమ్మకు ఎప్పుడన్నా చెప్పినానా? పుత్తూరులో చెప్పినానా, లేకపోతే... దానికే చెప్పినానా? గుర్తు చేసుకున్నాడు. శానా గుర్తు చేసుకున్నాడు. రాలేదు. ఈనాటికీ రాలేదు.

తెల్లారినాక ఆమె వాకిలి ఊడుస్తాంటే వాడు చెయ్యి చూసినాడు. ఎడమచేతి మణికట్టు నిటారుగా, చెరుకుగడ మాదిరి ఉండాది.

"వంకర యాడబోయింది చెంగమ్మా?"

"పుత్తూరు కట్టు ఊరికే పోతాదా? నెమ్మదిగా సర్దుకుంటాదని ఆపొద్దే చెప్పినారు గదప్పా."

చెప్పినారేమో. చెప్పకుండా ఉండరు.

గురవమ్మకు ఆ మరదలంటే ప్రాణం. అంత పని చేసే ఆడది ఈ గుట్టకింద లేదు, నేనే సాక్షి. పొద్దుగూకితే చాలు వాకిట్లో కూర్చొని గలగలా మాట్లాడతాది. ఆదిమూలమే మాట్లాడడు, ఈ కతంతా ఒక్కసారి చేనుకాడ నా చెవిలో చెప్పినాడు, అంతే. ఏం అడగబోయినా, అడగకముందే జవాబు చెప్తాది. నేను పోతే నా పక్కకు జరిగి కూర్చుంటాడు. నేను లేస్తే, "ఇంకొంచేపు ఉండురా" అని నా పంచె పట్టుకుంటాడు. నాకంటే ఆవే మేలన్న ఆదిమూలం!

ఆదివారం ఆదివారం ఆమె వాడిని ఒక్కటే అడుగుతాది, నా చెవులతో విన్నా. "ఇంటిముందర జిల్లేడు ఎందుకప్పా, అరిష్టం. ఆ కొడవలి తీసుకొని నరికెయ్యరాదా?"

ఇంక ఆ మేక. జిల్లేడును చూసి తాడు పెరుక్కునింది గదా? ఆ మరునాటినుంచి అది ఆమె గడ్డి పెడితే తినదు. ఆమె చేతినీళ్లు తాగదు. పొద్దు వాలితే గడ్డికుప్ప చాటుకు పోయి ఆ చెట్టుకింద పడుకుంటాది. ఆ చెట్టుకు ఒక కొమ్మ, ఎడమతట్టు కొమ్మ, మణికట్టు మాదిరి వంకర తిరిగి కిందికి వంగి ఉండాది. మేక దానికి తల ఆనించి కళ్లు మూసుకుంటాది.

నవ్వుతాండారా? నేను కోతలు కోస్తాండానా? సరే. ఆదిమూలం ఇల్లు చూపిస్తా, నా కొడవలి కూడా ఇస్తా. అది ఉత్త చెట్టే అంటారు గదా, పోండి. మొదలంటా వద్దు, ఆ వంకర కొమ్మ ఒక్కటి నరకండి. నరికి, ఏం కారిందో నాకొచ్చి చెప్పండి. ఎవురొస్తారు? లేవండప్పా... ఎవురొస్తారు?