జమ్మి వద్దన్న చెయ్యి

పెంటయ్యకు ఈత రాదు. అందుకే, ముంబయి అవతలి ఒడ్డున మాండ్వా జెట్టీ పక్కన అతని శవం, మొహానికి ఈతగాళ్ళు పెట్టుకునే స్నార్కెల్ మాస్క్‌తో తేలిందని ఫోన్ రాగానే ఏజెంట్ మంగేష్ చేతిలోని చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు.

పెంటయ్య పాలమూరు నుంచి వచ్చి జెట్టీ పనుల్లో సిమెంటు మోసే కూలీ. స్నార్కెల్ అనే మాట కూడా అతనికి నోరు తిరగదు. చంపినవాళ్ళు తెలివిమీరినవాళ్ళే, టూరిస్టు ప్రమాదవశాత్తూ పోయినట్టు కనిపించాలనుకున్నారు. చచ్చినవాడు ఎవరో కనుక్కునే ఓపిక మాత్రం వాళ్ళకు లేకపోయింది.

అతన్ని ఈ గూఢచారి పనిలోకి దింపింది మంగేషే. నెత్తిన తట్ట పెట్టుకున్నవాడి మొహం ఎవరూ చూడరు, సందేశాలు చేరవెయ్యటానికి అంతకంటే మంచి మారువేషం లేదు. కబురు చెప్పాల్సిందీ మంగేషే కాబట్టి కామాటిపురలో తనుండే ఇరుకు గదుల చాలీకి వెళ్ళి, కింది అంతస్తులో ఉండే పెంటయ్య భార్య అంజమ్మకు చెప్పాడు.

"నీళ్ళంటెనే బుగులు గదన్నా ఆయినకు" అంది అంజమ్మ. "ఎందుకు దిగిండు?"

మంగేష్‌కు శిక్షణలో అన్నీ నేర్పారు గాని ఇది నేర్పలేదు.

*

మర్నాడు దాదర్‌లో ఒక తెలుగువాళ్ళ హాలు. కింద పిల్లలు కోలాటం ప్రాక్టీస్ చేస్తున్నారు. పైగదిలో నిఘా డిపార్ట్‌మెంట్ చీఫ్ ఆంజనేయులు ల్యాప్‌టాప్ తెరిచాడు. ఆయనది కాకినాడ వైపు. ఎంత ఘోరమైన సంగతైనా పాఠం చెప్పినట్టు చెబుతాడు.

"తలుపు వెయ్యి. ఈ పడవ చూడు. ఆరుగురు టూరిస్టులు. పొద్దున్నే గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర ఎక్కించుకుంటారు. తెరచాప ఎత్తి ఉందేరి, ఖాందేరి దీవులు చూపిస్తారు. మధ్యలో స్నార్కెలింగ్. సాయంత్రానికి తిరిగి దింపేస్తారు."

"ముంబయి నీళ్ళలో స్నార్కెలింగా సార్? ఆ బురదలో మన కాళ్ళే మనకు కనపడవు."

"కనపడకూడదనే. పైన టూరిస్టులు చేపలేవని తిట్టుకుంటుంటారు. అడుగున గ్రెగర్ తన పని చేసుకుపోతాడు."

గ్రెగర్ పేరు మంగేష్‌కు కొత్త కాదు. ఏ దేశం డబ్బిస్తే ఆ దేశం మనిషి. పడవకు కెప్టెన్‌నని చెప్పుకుంటున్నాడు. ఖాందేరి దీవి పక్కనుంచే సముద్రం అడుగున ఇంటర్నెట్ కేబుల్ వెళుతోంది. దానికి బాంబు కట్టి పేల్చేస్తే బ్యాంకులు, విమానాలు, ఆస్పత్రులు ఒక్కసారిగా మూగబోతాయి. ఆ గందరగోళంలో ఇంకేం చెయ్యాలో గ్రెగర్ ముఠాకు తెలుసు.

"టార్గెట్ డేట్?"

"దసరా మర్నాడు. అంటే ఎల్లుండి."

"మరి రుతుజ?"

చీఫ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. రుతుజ ఆ ముఠాలో మన మనిషి. మంగేష్ పక్కింటి పిల్ల. చౌపాటీ అలల్లో మగపిల్లలను ఓడించి ఈదేది. డిపార్ట్‌మెంట్‌కు తీసుకొచ్చింది అతనే. రెండేళ్ళ కిందట 'మాయా' అనే పేరుతో, దుబాయి పార్టీల్లో మెరిసే అందగత్తెలా గ్రెగర్ పక్కన చేరింది. మంగేష్ ఆమెను ప్రేమించాడు. మిషన్ అయ్యాక చెబుదామని ఊరుకున్నాడు.

"మూడు నెలలుగా ఆమె నుంచి పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు" అన్నాడు చీఫ్. "పెంటయ్య మన మనిషని తెలిసినవాళ్ళం ముగ్గురమే. నేను, నువ్వు, ఆమె. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నువ్వు పట్టాలి."

"ఆమె అట్లాంటిది కాదు సార్. పోయిన నెలలో తల్లి పోతే ఆ కబురు కూడా మీరు చెప్పనియ్యలేదు."

"చెబితే ఏడుస్తుంది. ఏడిస్తే కవర్ పోతుంది. మన మనిషో కాదో ముందు తేల్చు."

"జమ్మి ఇస్తాను సార్. మా గల్లీల్లో తలకాయలు పగలగొట్టుకున్నవాళ్ళు కూడా బంగారమని దసరా జమ్మి చేతిలో పెడితే వద్దనరు. మనసులో ఇంకా మనమే ఉంటే తీసుకుంటుంది."

"తీసుకోకపోతే?"

జవాబు కూడా చీఫే చెప్పాడు. "తీసుకోకపోతే నమ్మకు. ఆమె చేతికి ఏదీ ఇవ్వకు. అర్థమైందా?"

*

దసరా నాడు చాలీ వరండా అంతా అలాయ్ బలాయ్ కౌగిలింతలు. చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ చేతుల్లో జమ్మి పెట్టి కాళ్ళు మొక్కుతున్నారు. రుతుజ తండ్రి దుర్గయ్య మాత్రం గడపలో స్టూలు మీద కూర్చుని చూస్తున్నాడు. భార్య రత్నాబాయి పోయి నెల దాటింది. చావు జరిగిన ఇంట్లో ఏడాదిదాకా పండుగ ఉండదు. ఎవరూ ఆయనకు జమ్మి ఇవ్వలేదు, మంగేష్ కూడా.

"మంగేశా" అని పిలిచాడు దుర్గయ్య. "నీకు పెద్ద ఆఫీసులల్ల పహచాన్ ఉంది గద. దుబాయికి ఫోన్ జేసి పిల్లను పిలిపియ్యి. తల్లికి కొరివి నేనే పెట్టుకున్న, మంచిది. ఒక్కపారి వచ్చి నా పక్కన కూసుంటె బస్. ఇంకేమొద్దు."

"తీసుకొస్త మామా."

"పక్కా?"

"పక్కా."

ఏజెంట్లు మాట ఇవ్వకూడదని రూలుంది. ఆ రూలు రాసినవాడి ఎదురుగా దుర్గయ్య కూర్చుని ఉండడు.

*

మర్నాడు పడవెక్కింది నాసిక్ ద్రాక్షతోటల యజమాని కులకర్ణి. నెరిసిన మీసం, బంగారు గొలుసు, బానపొట్ట. మంగేష్ కట్టుకున్న ఆ పొట్ట నిండా ఆక్సిజన్. చేతి గడియారంలో ఉక్కును కోసే బ్లేడు. మొహానికి పెట్టుకునే మాస్క్ బురదలోనూ చూపు ఆనేలా డిపార్ట్‌మెంట్ చేయించింది.

గాలి బాగుంది. తెరచాప పొంగింది. మిగతా టూరిస్టులు అటుకుల పోహా తింటూ సెల్ఫీలు దిగుతున్నారు. గ్రెగర్ నవ్వుతూ అందరికీ లైఫ్ జాకెట్లు పంచాడు. అప్పుడు క్యాబిన్‌లోంచి రుతుజ వచ్చింది. నల్ల కళ్ళద్దాలు, ఎర్రటి స్కార్ఫ్. చిక్కిపోయింది.

కులకర్ణి లేచి, దసరా మిగిలిపోయిందంటూ మరాఠీలో అందరికీ ఆప్టా ఆకులు పంచటం మొదలుపెట్టాడు. మరాఠీవాళ్ళకు బంగారం అదే. గ్రెగర్ కూడా ఒకటి తీసుకుని చెవిలో పెట్టుకున్నాడు. రుతుజ దగ్గరకు వచ్చేసరికి కులకర్ణి గుప్పిట్లో ఆప్టా లేదు, సన్నటి జమ్మి రెమ్మ ఉంది.

రుతుజ దాన్ని చూసింది. తర్వాత అతని కళ్ళలోకి చూసింది. గుర్తుపట్టింది, సందేహం లేదు. చెయ్యి సగం ముందుకొచ్చి ఆగింది. వెంటనే వెనక్కి పోయి వీపు వెనక దాక్కుంది.

"నో, థాంక్స్" అని మొహం తిప్పుకుంది.

మంగేష్ రెమ్మను జేబులో వేసుకున్నాడు. తను పుట్టిన గల్లీలో శత్రువు కూడా వద్దనని దాన్ని ఆమె వద్దంది. తీసుకోకపోతే నమ్మకు అన్న చీఫ్ మాట గుర్తుంది.

ఖాందేరి రాళ్ళ దగ్గర లంగరు వేశారు. టూరిస్టులు గొట్టాలు నోట్లో పెట్టుకుని నీళ్ళమీద బోర్లా తేలారు. ఏమీ కనపడటం లేదని ఒకాయన అప్పుడే డబ్బు వాపసు గురించి అరుస్తున్నాడు. పడవ అవతలి వైపు నుంచి గ్రెగర్, రుతుజ ఆక్సిజన్ సిలిండర్లతో దిగారు. కులకర్ణి కాలుజారినట్టు నీళ్ళలో పడి మునిగాడు.

అడుగున మాస్క్‌లోంచి అంతా ఆకుపచ్చగా కనిపించింది. రాళ్ళ సందున తొండంలా పడుకున్న కేబుల్. దానికి మందపాటి నైలాన్ పట్టీతో కట్టిన డబ్బా. డబ్బా మీద అంకెలు తగ్గుతున్నాయి. గ్రెగర్ వెనక్కి తిరిగాడు. చేతిలో చేపల బల్లెం. మంగేష్ పక్కకు ఒరిగి, వాడి మెడ చుట్టూ మోచెయ్యి బిగించాడు. ఇద్దరూ రాళ్ళకు గుద్దుకున్నారు. రెండో చేతి గడియారంలోంచి బ్లేడు ఊడి గుప్పిట్లోకి వచ్చింది.

రుతుజ అతని ముందుకొచ్చి అరచెయ్యి చాపింది.

బ్లేడు ఇమ్మంటోంది. డబ్బా వైపు చూపిస్తోంది, మళ్ళీ చెయ్యి చాపుతోంది. మాస్క్ అద్దం వెనక కళ్ళు బతిమాలుతున్నాయి. ఇస్తే ఆ బ్లేడు ముందు ఎవరి గొంతు మీదికి వస్తుంది? మంగేష్ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. తల అడ్డంగా ఊపాడు.

ఆమె ఒక్క క్షణం అట్లాగే ఉంది. తర్వాత తిరిగి డబ్బా దగ్గరకు వెళ్ళింది. రాతికి అతుక్కున్న ఆల్చిప్పను పెకలించి, దాని అంచుతో పట్టీని కొయ్యటం మొదలుపెట్టింది. చిప్ప విరిగింది. ఇంకోటి తీసింది. చేతుల నుంచి నెత్తురు పొగలా లేస్తోంది. అప్పుడు తెలిసింది మంగేష్‌కు. గ్రెగర్‌ను వదిలి ముందుకు దూకబోయాడు. గ్రెగర్ అతని కాలు పట్టుకున్నాడు.

పట్టీ తెగింది. అప్పటికి అంకెలు పదిలోపుకు దిగాయి. రుతుజ డబ్బాను పొట్టకు హత్తుకుని, కాళ్ళతో బండను తన్ని, రాళ్ళ అవతలి లోతులోకి వెళ్ళిపోయింది.

డబ్బాను అక్కడ వదిలి ఆమె తిరిగి వచ్చేలోపే సముద్రం ఒక్కసారి అదిరింది.

పైన టూరిస్టులు తిమింగలం అనుకున్నారట. వీడియోలు కూడా తీశారు.

*

కోస్ట్‌గార్డ్ వచ్చి గ్రెగర్‌ను కట్టి తీసుకుపోయింది. కేబుల్‌కు గీత కూడా పడలేదు. దేశంలో ఎవరి ఫోనూ ఆగలేదు. చెవిలో ఇంకా రక్తం కారుతున్న మంగేష్‌కు చీఫ్ ఫోన్ చేసి, "వెల్‌డన్. ప్రకటనలో, దుబాయి నుంచి వచ్చి విహారయాత్రలో పడవ బోల్తా పడి పోయిందని ఉంటుంది. ఇంట్లోవాళ్ళకూ అదే చెప్పు" అన్నాడు.

రుతుజను ఇంటికి తీసుకొచ్చాడు మంగేష్. ఇచ్చిన మాట తప్పలేదు.

దహనం అయ్యాక చాలీ గదిలో అందరూ కింద కూర్చున్నారు. దుర్గయ్య గోడకు ఆనుకుని ఉన్నాడు. అంజమ్మ నీళ్ళ చెంబు తెచ్చి ఆయన దగ్గర పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తల్లీ బిడ్డా ఒకరెంట ఒకరు పాయె. ఆ పిల్లకు తల్లి సావన్న ఎరుకైంది, అంతే సాలు" అంది.

మంగేష్ తలెత్తాడు. "ఎరుకైందా? ఎట్ల?"

అంజమ్మ అతని పక్కకు జరిగి గొంతు తగ్గించింది. "మా ఆయిన చెప్పొచ్చిండు గదన్నా. నువ్వు చెప్పొద్దన్నవని నాతోని అన్నడు. 'బిడ్డకు తల్లి సావు దాస్తె మనిషి పుటుక పుట్టినట్టేనా, ఎవ్వరేమన్న గానీ' అని పోయిండు. పడవ కాడ్కి పోయి, ఆమెను పక్కకు పిలిచి చెప్పిండట. మస్తు ఏడ్చిందట పాపం. ఆ నాలుగొద్దులకే ఆయిన నీళ్ళల్ల తేలిండు."

ఎవరో దగ్గారు. కింద గల్లీలో చేతిబండి గంట మోగింది. మంగేష్‌కు ఏవీ వినపడలేదు.

పెంటయ్యను ఆమె పట్టివ్వలేదు. ఆమె కన్నీళ్ళు చూసి, ఆమెను ఎవరో బెదిరిస్తున్నారనుకుని గ్రెగరే అతన్ని పట్టుకున్నాడు. ఇక పడవ మీద ఆమె ఏం చెయ్యాలి? తల్లి పోయి ఏడాది తిరగని పిల్ల జమ్మి ఎట్లా తీసుకుంటుంది? ముందుకొచ్చిన చెయ్యి అందుకే ఆగింది. దాని వెనక కుట్ర లేదు, సూతకం ఉంది. దసరా నాడు దుర్గయ్య ముందునుంచి జమ్మి పట్టుకుని నడిచి, ఇవ్వకుండా పోయినవాడు తనే. తండ్రికి పండుగ లేదని తెలిసినవాడు కూతురికి ఉందనుకున్నాడు. కబురు ఆమెకు చేరకుండా దాచింది తామే కదా, ఇక తెలియదనే ధీమా. ఇన్ని మారువేషాలు వేసినవాడు, ఇంటి ఆచారాన్ని ఎదురుగా పెట్టుకుని గుర్తుపట్టలేకపోయాడు.

బ్లేడు ఇచ్చి ఉంటే ఆ పట్టీ చిటికెలో తెగేది. డబ్బాను లోతులోకి విసిరి, ఈదుకుంటూ వచ్చేసేది. తన పక్కనే పైకి తేలేది. ఆ లెక్క మంగేష్ ఎన్నిసార్లు వేసినా అంతే వచ్చింది. బిగ్గరగా ఏడవాలనిపించింది. ఏ హక్కుతో ఏడవాలో తెలియక ఊరుకున్నాడు.

"మంగేశా" అన్నాడు దుర్గయ్య. "నీళ్ళు పోస్తుంటె చూసిన. దాని రెండు చేతులు కోసుకపోయినయి. ఇట్ల, నడుమల. పడవ పల్టీ గొడితె చేతులెందుకు కోసుకపోతయి రా?"

"రాళ్ళు మామా. రాళ్ళు పట్టుకోబోయింది."

"పట్టుకోబోతె, పక్కన ఎవ్వరు లేకుండెనా? చెయ్యి ఇచ్చేటోడు ఒక్కడన్న?"

మంగేష్ ఆయన కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. దుర్గయ్య కాసేపు అతన్ని చూశాడు. ముసలాయనకు ఏం అర్థమైందో ఏమో, ఇంకేమీ అడగలేదు. అతని తలమీద చెయ్యి వేసి అట్లాగే ఉంచాడు. ఆ చెయ్యి తీసెయ్యమని అడిగే ధైర్యం కూడా మంగేష్‌కు లేకపోయింది.

జేబులో ఫోన్ గుర్రుమంది. కులకర్ణి పేరు మీద టికెట్ కొన్న ట్రావెల్ యాప్ నుంచి మెసేజ్. 'మీ దీవుల విహారం ఎలా జరిగింది? మీ అనుభవం మాతో పంచుకోండి.' కింద ఖాళీగా ఐదు నక్షత్రాలు.

ఆ రోజు ఎలా గడిచిందని అతన్ని అడిగినవాళ్ళు వాళ్ళొక్కరే.